చదివింపుల పుస్తకం చెప్పే సోషియాలజీ

తమ్ముడు: నమస్కారం, రికార్డింగ్ మొదలైంది. అక్కా, ఫంక్షనలిజం అంటే సమాజం శరీరం లాంటిది, ఒక్కో అవయవానికి ఒక్కో పని అని కోచింగ్‌లో రాయించేశారు. అంతేనా?

అక్క: ఆ పోలిక పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ ఆలోచనాపరుడు స్పెన్సర్ నాటిది. పరీక్షలో రాసుకో, తప్పులేదు. అక్కడే ఆగిపోతే మాత్రం అసలు మజా పోతుంది. మొన్న బాబాయి కూతురి పెళ్లిలో పందిరి పక్కన కుర్చీ వేసుకుని ఒకాయన చదివింపులు రాశాడు, గుర్తుందా?

తమ్ముడు: అట్టకి పసుపు రాసిన నోటుబుక్కు! నాన్న 1,116 ఇచ్చి, ఇంటిపేరు సరిగ్గా రాశాడో లేదో వంగి మరీ చూసుకున్నారు.

అక్క: ఆశీర్వాదంగా ఇచ్చే డబ్బుకి పద్దు ఎందుకురా మరి? రేపు వాళ్లింట్లో పెళ్లయితే మనం ఎంత పెట్టాలో అందులో చూసుకుంటాం కదా. అందరూ పైకి చెప్పే ప్రయోజనం మానిఫెస్ట్ ఫంక్షన్, ఎవరూ అనుకోకుండానే లోపల జరిగిపోయేది లేటెంట్ ఫంక్షన్. ఇక్కడ ఆశీర్వాదం మొదటిది, ఇళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే బంధం నిలవడం రెండోది. అమెరికన్ సోషియాలజిస్టు మెర్టన్ 1949లో ఈ తేడా చెబుతూ, అమెరికాలోని హోపీ అనే ఆదివాసీ తెగ వాన కోసం చేసే క్రతువుని ఉదాహరణగా తీసుకున్నాడు. దానివల్ల వాన రాదు, కానీ ఎక్కడెక్కడో ఉన్నవాళ్లంతా ఒకచోట చేరతారు, తెగ కట్టు నిలుస్తుంది.

తమ్ముడు: అయితే ప్రతి ఆచారమూ మంచిదేనన్నమాట?

అక్క: అదిగో, అందరూ అక్కడే జారిపడతారు! ప్రతి ఆచారమూ ఏదో అవసరం తీరుస్తుందని మలినోవ్‌స్కీ లాంటి ఆంత్రొపాలజిస్టులు అన్నారు. మెర్టన్ ఒప్పుకోలేదు, డిస్‌ఫంక్షన్, అంటే చెడు చేసే ఫలితం కూడా ఉంటుంది, పైగా ఒకే ఆచారం ఒకరికి మేలు, ఇంకొకరికి చేటు కావచ్చన్నాడు. మనకి తెలిసిన ఒకావిడ, ఎదుటివాళ్లు 2,116 పెట్టారు, మేం తక్కువ పెడితే పరువేం కాను అని వడ్డీకి తెచ్చి మరీ చదివించింది. ఆ పుస్తకం ఆవిడకి చేసిన మేలేంటి చెప్పు?

తమ్ముడు: మరి ఇంకో అమెరికన్ సోషియాలజిస్టు పార్సన్స్ చెప్పిన ఏజీఐఎల్?

అక్క: నాలుగు మాటల మొదటి అక్షరాలు అవి. అడాప్టేషన్ అంటే పరిసరాలకి సర్దుకోవడం, గోల్ అటెయిన్‌మెంట్ అంటే లక్ష్యాలు సాధించడం, ఇంటిగ్రేషన్ అంటే భాగాలని కలిపి ఉంచడం, లేటెన్సీ అంటే విలువల్ని నిలబెట్టుకోవడం. ఏ వ్యవస్థ నిలవాలన్నా ఈ నాలుగూ జరగాలంటాడు. బట్టీ పట్టెయ్, నాకైతే అందులో మనుషులు కనబడరు. దానికన్నా 1945లో డేవిస్, మూర్ అనే సోషియాలజిస్టులు చేసిన వాదం చదువు. ముఖ్యమైన పనులకి తగినవాళ్లు రావాలంటే వాటికి ఎక్కువ ప్రతిఫలం ఉండాలి, కాబట్టి అసమానత తప్పదంటారు.

తమ్ముడు: డ్రైనేజీ శుభ్రం చేసేవాళ్లు నాలుగు రోజులు రాకపోతే ఏది ముఖ్యమో తెలుస్తుంది!

అక్క: వాళ్లని విమర్శిస్తూ ట్యూమిన్ అనే సోషియాలజిస్టు 1953లో పట్టుకున్నదీ దాదాపు అదే, ఏ పని ఎంత ముఖ్యమో తేల్చేదెవరని. చదువుకునే అవకాశమే అందరికీ లేనప్పుడు తెలివి ఎవరికుందో ఎలా తెలుస్తుందనీ అడిగాడు.

తమ్ముడు: సరేగానీ, మన అన్నయ్య పెళ్లి పుస్తకం ఇంకా ఉందా?

అక్క: ఉండకేం. అమ్మ బీరువాలో, నగల డబ్బా కింద. వచ్చే నెల మావయ్యగారింట్లో ఓణీల ఫంక్షన్ ఉందిగా, నిన్ననే తీసి చూసింది.