ఎంతమంది దిగారు?

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అన్నలకు, తమ్ముళ్ళకు, కొత్తగా డ్యూటీలో చేరిన చెల్లెళ్ళకు నమస్కారం. పేర్లు చదవడం మొదలుపెడితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఎవరూ ఏమీ అనుకోవద్దు.

అంశం ‘విద్యుత్ పంపిణీ కంట్రోల్‌లో కృత్రిమ మేధ, మన ఉద్యోగాలు’ అని కార్డులో వేశారు. నేను హైదరాబాద్ శివారులో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌గా చేరి, కంట్రోల్ రూమ్‌లో రిటైర్ అయినవాణ్ణి. కంప్యూటర్ శాస్త్రం రాదు. ఎల్‌సీ అంటే మాత్రం తెలుసు. మన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నా. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్‌మన్ పోల్ ఎక్కే ముందు ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వెళ్ళే ఆ లైన్, ఆపించి ఎల్‌సీ తీసుకుంటాడు. పని అయ్యాక దిగి, లైన్‌ను భూమికి కలిపే ఎర్త్ రాడ్లు తీసి, ఎల్‌సీ వాపస్ చేస్తాడు. అప్పటిదాకా ఆ లైన్‌ను ఛార్జ్ చెయ్యకూడదు, అంటే కరెంటు ఇవ్వకూడదు; దాని స్విచ్, అదే బ్రేకర్, ఎవరూ ముట్టకూడదు, పైనుంచి ఎంత పెద్దాయన ఫోన్ చేసినా సరే.

యంత్రాన్ని తిట్టడానికి నేను రాలేదు. హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలం నాటి పవర్ హౌస్ ఉండేది. 1990లలో అది పోయింది. అక్కడి బొగ్గు దుమ్ము మళ్ళీ కావాలని ఎవరమూ అడగలేదు. ఇప్పుడు రేపటి లోడ్‌ను 15 నిమిషాలకొకటి చొప్పున 96 బ్లాకులుగా అంచనా కట్టాలి. మా సీనియర్ ఒకాయన నిన్నటి షీటు, పోయినేడు ఇదే వారం షీటు ముందేసుకుని, కిటికీలోంచి మబ్బు చూసి అంకె వేసేవాడు. బాగానే వేసేవాడు కానీ, ఎండాకాలం నగరం లోడ్ 4,000 మెగావాట్లు దాటే రోజుల్లో, వీధికో కొత్త ఏసీ వస్తుంటే మబ్బు చూస్తే సరిపోదు. ఆ లెక్క ఏఐ చేయనివ్వండి. గాలివానలో వందల అలారాలు ఒక్కసారి మోగినప్పుడు అసలు ట్రిప్ అయి ఆగిపోయిన లైన్ ఏదో ఏరి చూపించనివ్వండి. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి వచ్చే ఫోన్లను కాలనీల వారీగా విడదీయనివ్వండి. మంచిదే.

మరి ఉద్యోగాలు? నన్నడిగితే ఏఐ వచ్చి ఎవరినీ చెయ్యి పట్టి బయటికి పంపదు. రిటైరైనవాడి కుర్చీ ఖాళీగా ఉంచుతారు, అంతే. లెక్క చూడండి. ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కు మూడు షిఫ్టులకు ముగ్గురు, రిలీవర్ ఒకడు. పది సబ్‌స్టేషన్లకు నలభై మంది. అవన్నీ రిమోట్ చేసి ఒక డెస్క్ మీదికి తెస్తే షిఫ్టుకు ఇద్దరి చొప్పున, రిలీవర్లతో కలిపి ఎనిమిది మంది చాలంటారు. ఈ కోత ఏఐతో మొదలు కాలేదు, సబ్‌స్టేషన్లను దూరం నుంచి కంప్యూటర్‌తో నడిపే స్కాడా రోజుల నుంచే ఉంది. ఏఐ వచ్చాక ఆ ఎనిమిది మందిని ఇద్దరు చేద్దామంటారు.

చీటీ వచ్చింది. ఐదు నిమిషాలట. సరే, ఆ ఒక్క సంగతి చెప్పి దిగిపోతా.

2000 ఆగస్టు. 24వ తారీఖున బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వారమంతా మాకు ఇల్లు లేదు. ఒక రాత్రి మా లైన్‌మన్ ఒక ఫీడర్ మీద ఎల్‌సీ తీసుకున్నాడు. ఆయనకొక అలవాటు. వాపస్ చేసేటప్పుడు లెక్క చెప్తాడు: “నాతోని నలుగురం సార్. నలుగురం దిగినం. ఎర్తులు తీసినం. ఇయ్యిండ్రి.” ఆ రాత్రి రెండున్నరకు ల్యాండ్‌లైన్ మోగింది. ఆయన పేరే చెప్పి, “అందరం దిగినం సార్, ఛార్జ్ చెయ్యండి” అన్నారు. లైన్లో గరగర, గొంతు సరిగ్గా తెలియలేదు. అప్పటికే ఒక పెద్ద ఆఫీసు నుంచి నాకు మూడు ఫోన్లు. చెయ్యి బ్రేకర్ స్విచ్ దాకా వెళ్ళింది. ఎందుకో అడిగాను, “ఎంతమంది దిగారు?” అని. అవతల చప్పుడు లేదు. తర్వాత, “కనుక్కొని చెప్తా సార్.”

ఇరవై నిమిషాలకు ఎస్టీడీ బూత్ నుంచి ఆయనే మాట్లాడాడు, ఆయాసపడుతూ. ఆ ఫోన్ వచ్చినప్పుడు తాను లైన్ అవతలి కొనలో, రెండు స్తంభాల డీపీ స్ట్రక్చర్ మీద ఇంకా జంపర్ తీగ బిగిస్తున్నాడట. ఫోన్ చేసింది ఇవతలి కొనలో ఉన్న హెల్పర్ కుర్రాడు. వాడు అబద్ధం ఆడలేదు. వాడికి కనిపించినంతవరకు అందరూ దిగారు.

స్క్రీన్ కూడా అంతే కదా అన్నా! దానికి అందినంతవరకే దానికి కనిపిస్తుంది. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో ఒక కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. బయట లైన్లు చెట్లకు తగిలి ఒక్కొక్కటే పడిపోతుంటే స్క్రీన్ మాత్రం ప్రశాంతంగా ఉంది. పక్క గ్రిడ్ వాళ్ళు ఫోన్ చేసినా, ఇక్కడేమీ కనిపించడం లేదే అన్నారు.

అందుకే ఇవాళ మీరు సంతకాలు పెట్టే ఈ వినతిపత్రంలో రెండే అడిగాం. ఆటోమేటిక్‌గా ఏ ఫీడర్ ఛార్జ్ అయినా కానివ్వండి, ఎల్‌సీ ఉన్న ఫీడర్ మాత్రం ఒక మనిషి అడిగి, ఒక మనిషి లెక్క చెప్పాకే ఛార్జ్ కావాలి. అడిగినవాడి పేరు రిజిస్టర్‌లో ఉండాలి. రెండోది, ఆ డెస్క్ మీద కూర్చోబెట్టేవాళ్ళను సబ్‌స్టేషన్లలో చేసినవాళ్ళ నుంచే తీసుకోండి. ట్రైనింగ్ ఇవ్వండి, నేర్చుకుంటాం. కాగితం రిజిస్టర్ నుంచి మౌస్‌కు వచ్చినవాళ్ళమే కదా!

ఆ లైన్‌మన్ ఇవాళ రావాల్సింది. మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేనన్నాడు. నవ్వకండి, ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పాడు.

సంతకాల పుస్తకం గుమ్మం పక్కన టేబుల్ మీద ఉంది. పెన్ను మాత్రం అక్కడే పెట్టి వెళ్ళండి. పొద్దున్నించి మూడు పోయాయి.