పొరపాటున చేతికొచ్చిన సొమ్ము

శ్రోతలకు నమస్కారం.

ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పు పడింది. ఇరవై వేల రూపాయలు ముక్కూమొహం తెలియని మనిషి ఖాతాలోకి వెళ్లిపోయాయి. ఆ మనిషి దొంగతనం చేయలేదు, మోసం చేయలేదు, అసలు వేలు కూడా కదపలేదు. అయినా ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాల్సిందే అంటుంది మన చట్టం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 72వ సెక్షన్‌లో ఈ మాట ఉంది. పొరపాటున గానీ, బలవంతం మీద గానీ ఎవరైనా డబ్బు చెల్లించినా, వస్తువు అప్పగించినా, పుచ్చుకున్నవాళ్లు దాన్ని వెనక్కి ఇవ్వాలి. ఇద్దరి మధ్యా ఒప్పందం ఉండనక్కర్లేదు. తప్పు చేసింది పంపినవాడే అయినా సరే.

నష్టపరిహారానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. నష్టపరిహారం అడిగితే కోర్టు చూసేది ఎవరు తప్పు చేశారు, మీకెంత నష్టం జరిగింది అని. తిరిగి ఇప్పించమని అడిగినప్పుడు చూసేది వేరు: అవతలివాళ్ల చేతికి ఏం వచ్చింది, దాన్ని ఉంచుకునే హక్కు వాళ్లకుందా? ఈ రెంటినీ కలగాపులగం చేసి నోటీసు రాస్తే, రుజువు చేయనక్కర్లేని తప్పును రుజువు చేయబోయి చిక్కుల్లో పడతాం.

"వచ్చింది నిజమే, కానీ ఖర్చయిపోయింది" అనే జవాబు చాలాసార్లు వినిపిస్తుంది. 1958లో సుప్రీంకోర్టు ముందు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానిదీ ఇదే వాదన. బనారస్‌లోని ఒక వ్యాపార సంస్థ అమ్మకపు పన్ను కట్టింది. ఆ పన్ను చెల్లదని తర్వాత తేలింది. చట్టం తెలియక కట్టినా అది పొరపాటే, ప్రభుత్వం ఆ సొమ్మును ఖర్చు పెట్టేసినా తిరిగి ఇవ్వాల్సిందే అంది సుప్రీంకోర్టు. అయితే 1996 డిసెంబరులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం మఫత్‌లాల్ అనే కంపెనీ కేసులో ఇంకో మాట చెప్పింది. కట్టిన పన్నును సరుకు ధరలో కలిపి కొనుగోలుదారు నుంచి రాబట్టుకున్న వ్యాపారికి వాపసు అడిగే హక్కు లేదు. జేబులోంచి పోనిది జేబులోకి రావడం కూడా అన్యాయపు లాభమేనని దీని అర్థం. ఈ తీర్పు న్యాయమైనదని నా అభిప్రాయం.

ఒప్పందాలు చెడిపోయినప్పుడు అదే కాంట్రాక్టు చట్టంలోని 65వ సెక్షన్ అక్కరకొస్తుంది. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ చూడండి. మే 1వ తేదీ లోపల 250 మణుగుల బియ్యం ఇస్తానని ఒకడు ఒప్పుకున్నాడు. 130 మాత్రమే ఇచ్చాడు. కొన్నవాడు గడువు దాటాక కూడా ఆ 130 మణుగులను తన దగ్గరే ఉంచుకున్నాడు. మాట తప్పింది అమ్మినవాడే. అయినా ఉంచుకున్న బియ్యానికి డబ్బు కట్టాలి.

అడగకుండా చేసిన పని సంగతి 70వ సెక్షన్‌ది. ఆ పని చట్టబద్ధమైనదై ఉండాలి, ఉచితంగా చేసే ఉద్దేశం ఉండకూడదు, అవతలివాళ్లు దాని ఫలితం అనుభవించి ఉండాలి. వర్తకుడు పొరపాటున మీ ఇంట్లో సరుకు దింపి వెళ్లాడనుకోండి. మీరు సొంత సరుకులా వాడుకుంటే డబ్బు కట్టాలి. వాడుకోకుండా పక్కన పెట్టి "వచ్చి తీసుకెళ్లండి" అంటే బాకీ లేదు. అంటే కాదనే అవకాశం ఉండి కూడా పుచ్చుకున్నారా అన్నదే కీలకం.

ఇక కోర్టు తీర్పే తారుమారైతే? కింది కోర్టు డిక్రీ, అంటే తీర్పును అమలు చేసే ఉత్తర్వు ప్రకారం పొలం అవతలివాళ్ల స్వాధీనంలోకి వెళ్లింది. అప్పీలులో డిక్రీ కొట్టేశారు. ఇలాంటప్పుడు చాలామంది కొత్త దావా వేస్తారు. అక్కడే పొరపాటు పడతారు. సివిల్ దావాలు నడిచే తీరును చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ కొత్త దావాను నిషేధిస్తుంది. మొదట డిక్రీ ఇచ్చిన కోర్టులోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అప్పీలు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, స్వాధీనం ఏ తేదీన మారిందో చూపే కోర్టు రికార్డు, ఆ మధ్యకాలంలో పొలం మీద వచ్చిన పంట లేదా కౌలు లెక్క జతచేయాలి. పొలం ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. మధ్యకాలపు ఆదాయం, వడ్డీ, ఖర్చులు కూడా దరఖాస్తులోనే అడగాలి. ఒక్క చిక్కుంది. కేసుతో సంబంధం లేని మూడో మనిషి కోర్టు వేలంలో ఆ ఆస్తిని నిజాయితీగా కొనుక్కుని ఉంటే, మామూలుగా ఆస్తి తిరిగి రాదు. డిక్రీ పొందినవాళ్ల నుంచి డబ్బు రూపంలోనే రాబట్టుకోవాలి.

మొదటి ఇరవై వేల దగ్గరికి వద్దాం. బ్యాంకులు ఖాతా నంబరునే చూసి జమ చేస్తాయి కాబట్టి పేరు సరిపోలకపోయినా డబ్బు వెళ్లిపోతుంది. అందుకే ఆర్‌టీజీఎస్, నెఫ్ట్ అనే బ్యాంకు బదిలీ పద్ధతుల్లో చెల్లించే ముందు ఖాతాదారు పేరు చూసుకునే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి కల్పించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేరు చదవకుండా మీట నొక్కొద్దు. పొరపాటు జరిగిపోతే యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకు ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య), తేదీ, సమయం, మొత్తం, అసలు పంపాలనుకున్న ఖాతా వివరాలతో వెంటనే మీ బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. తప్పు మీదైనప్పుడు బ్యాంకు అవతలి ఖాతాలోంచి తనంత తాను డబ్బు తీయదు, ఆ ఖాతాదారు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే లాయరు నోటీసు, ఆపైన దావా. గడువు మామూలుగా మూడేళ్లు. పొరపాటు తర్వాత బయటపడితే, అది తెలిసిన రోజు నుంచి, లేదా తగిన జాగ్రత్త తీసుకుని ఉంటే తెలిసేదనుకునే రోజు నుంచి లెక్కిస్తారు.

డబ్బు మీ ఖాతాలో పడిందా? ముట్టుకోకండి. తనది కాదని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, దానికి తోడు జరిమానా. అలాగని, "పొరపాటున పంపాను, ఈ నంబరుకు తిప్పి పంపండి" అని ఫోన్ చేసినవాళ్ల మాట నమ్మి వెంటనే పంపేయనూ కూడదు. అది వేరొకరి దగ్గర కొట్టేసిన సొమ్మైతే, పోలీసులు స్తంభింపజేసేది మీ ఖాతానే. మీ బ్యాంకుకు లేఖ రాయండి. ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే, బ్యాంకు ద్వారానే వెనక్కి పంపించమని అందులో స్పష్టంగా రాసి, బ్యాంకు ముద్ర వేసిన నకలు మీ దగ్గర ఉంచుకోండి.