కొండారెడ్డి బురుజు నుంచి ఫ్రీడమ్ పార్కు దాకా

నమస్కారం. డబ్లిన్ నుంచి సెలవులకు వచ్చిన ప్రతిసారీ నేను మొదట కెమెరా తీసేది కర్నూలు నడిబొడ్డున ఉన్న ఈ కొండారెడ్డి బురుజు దగ్గరే. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోటలో మిగిలిన భాగం ఇది. అయినా ఎవరూ దీన్ని రాయలవారి పేరుతో పిలవరు. 17వ శతాబ్దంలో అలంపురం పాలకుడైన కొండారెడ్డిని నవాబు ఇందులో బంధించాడని, ఆయన ఇక్కడే కన్నుమూశాడని మా ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఈ సాయంత్రం మా నాయన బురుజు ముందు నిలబడి, "కట్టినోళ్ల పేరు యాడుంది పాపా? లోపల ఏసినోని పేరే ఊరంతా పలుకుతాంది" అన్నారు.

ఆ మాట వినగానే, ఊరికి వచ్చే దారిలో బెంగళూరులో గడిపిన ఉదయం గుర్తుకు వచ్చింది. విమానం దిగిన మరునాడు నా కూతురిని తీసుకొని శేషాద్రి రోడ్డులోని ఫ్రీడమ్ పార్కుకు వెళ్లాను. మైసూరు రాజ్యం బ్రిటిష్ కమిషనర్ల పాలనలో ఉన్న 1860లలో అక్కడ సెంట్రల్ జైలు కట్టారు. 2000లో ఖైదీలను పరప్పన అగ్రహారానికి తరలించిన తరువాత, సుమారు 21 ఎకరాల ఆ స్థలాన్ని పార్కుగా తీర్చిదిద్ది 2008లో జనానికి తెరిచారు. నగరం నడిమధ్యన అంత నేల దొరికినప్పుడు అంగళ్లు కట్టకుండా చెట్లు పెంచినందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంది.

ప్రహరీలో కొంత భాగాన్ని, కొన్ని బ్యారక్‌లను, నడుమనున్న కాపలా గోపురాన్ని అలాగే ఉంచారు. గోపురం కింద నిలబడి చుట్టూ చూసినప్పుడే ఆ జైలు ఏ ఆలోచనతో కట్టారో తెలిసింది. పైనున్న ఒక్క కావలివాడికి బ్యారక్‌లన్నీ కనిపించాలి గానీ, అతడు ఏ క్షణాన ఎటు చూస్తున్నాడో లోపలివారికి అంతుపట్టకూడదు. మా పాప ఒక బ్యారక్‌లోకి పరుగెత్తి, కిటికీ ఊచలను రెండు చేతులా పట్టుకొని నన్ను పిలిచింది. ఊచల సందులోంచి దాని చేయి మోచేతి దాకా బయటికి వచ్చింది. దానికి అది ఆట. నేను మాత్రం వెంటనే వెళ్లి, ఎండకు వేడెక్కిన ఆ ఇనుము మీది నుంచి దాని చేతులు తీశాను.

1975 జూన్‌లో ఎమర్జెన్సీ విధించినప్పుడు, పార్లమెంటరీ కమిటీ సమావేశం కోసం బెంగళూరుకు వచ్చిన వాజ్‌పేయి, అద్వానీలను అరెస్టు చేసి ఈ జైలులోనే పెట్టారు. వారి సంగతి చాలామందికి తెలుసు. నేను వెళ్లింది స్నేహలతా రెడ్డి కోసం. తెలుగు కుటుంబంలో పుట్టిన నటి, కవి పఠాభి భార్య అయిన ఆమెను 1976లో అరెస్టు చేసి, నేరం ఏదీ రుజువు కాకుండానే సుమారు 8 నెలలు ఇక్కడ నిర్బంధించారు. ఉబ్బసంతో ఊపిరి ఆడని స్థితిలోనూ ఆమె డైరీ రాసుకున్నారు. 1977 జనవరిలో పెరోల్ మీద బయటికి వచ్చిన కొద్ది రోజులకే, అదే నెల 20న మరణించారు.

నేనుండే డబ్లిన్‌లో కిల్‌మైన్‌హామ్ జైలు ఉంది. బ్రిటిష్ పాలన మీద ఐర్లండ్‌లో 1916లో జరిగిన తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని బ్రిటిష్ సైన్యం కాల్చి చంపింది అక్కడే. 1924లో మూతపడిన ఆ జైలు ఇప్పుడు మ్యూజియం కాబట్టి, చరిత్ర తెలుసుకోవాలని అనుకున్నవారే వెళతారు. పార్కు అలా కాదు. నీడ కోసం వచ్చిన ముసలివారు, నడకకు వచ్చిన ఆడవాళ్లు, తమ కోసం కేటాయించిన భాగంలో ధర్నాకు కూర్చున్నవారు కూడా ఆ గోడల మధ్యకే వస్తారు. వారందరికీ లోపల ఉన్నవారి పేర్లు చెప్పే బాధ్యత పార్కుకు ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. వరంగల్‌లో నిజాం కాలపు సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం పూర్తిగా కూల్చివేశారు. ఆసుపత్రి అవసరమే, కాదనను. కానీ ఒక్క బ్యారక్ నిలిపి ఉంటే, అక్కడ మగ్గినవారి గురించి పిల్లలకు చెప్పడానికి ఒక గోడైనా మిగిలేది.

వచ్చే వారం తిరుగు ప్రయాణంలో నాయన కూడా బెంగళూరు దాకా వస్తున్నారు. ఎమర్జెన్సీ నాటికి ఆయన కాలేజీలో చదువుకుంటున్నారు. మా విమానం రాత్రికి గనుక, సాయంత్రం ఆ బ్యారక్ ముందు కూర్చొని స్నేహలతా రెడ్డి గురించి పాపకు ఆయనే చెబుతానన్నారు. నేను రికార్డు చేస్తాను.