టవల్ పక్కన ఉండే ఆ కార్డు

[తెర మీద: హోటల్ స్నానాల గది. కొక్కేనికి తెల్ల టవల్, పక్కనే ఆకు బొమ్మ ఉన్న కార్డు.]

ఈ కార్డు మీరందరూ చూసే ఉంటారు. "భూమిని కాపాడటంలో మాకు తోడ్పడండి. టవల్ మళ్లీ వాడుకుంటే కొక్కేనికి తగిలించండి, మార్చమంటే నేల మీద వేయండి." ఒకసారి నేను బుద్ధిగా తగిలించి బయటికి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే అదే కొక్కేనికి కొత్త టవల్, మడత కూడా నలగలేదు. మరునాడూ అంతే. మూడో రోజు పాత టవల్‌ను నా సంచిలో దాచి వెళ్లాను. పోయిందనుకున్నారు కాబోలు, తిరిగొచ్చేసరికి రెండు పెట్టారు! మూడు రోజుల్లో ఆ గదిలో మారనిది ఆ కార్డు ఒక్కటే.

ఆ హోటల్ పేరులో 'ఎకో' ఉంది. కిటికీలోంచి చెట్లు కనిపిస్తాయి. చెట్లు కనిపిస్తే చాలు, అది ఎకో టూరిజం అయిపోతుందని ఎవరు మొదలుపెట్టారో గాని, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అడవికి వెళ్లడం, కొండ ఎక్కడం, పడవలో తిరగడం ప్రకృతి పర్యాటకం. అందులో తప్పేమీ లేదు. కానీ అడవికి వెళ్లినవాడు అడవికి మేలు చేసినట్టేనా?

ఇక్కడ నాకు భలే ఇష్టమైన కాకతాళీయం ఒకటి ఉంది. 1983లో మెక్సికోలో ఎక్టర్ సెబాయోస్ లాస్కురైన్ అనే వాస్తుశిల్పి, యూకటాన్ తీరంలో ఫ్లెమింగోలు ఉండే చిత్తడి నేలలను కాపాడాలని పోరాడుతూ 'ఎకో టూరిజం' అనే మాటను వాడుకలోకి తెచ్చారు. పక్షులను చూడటానికి జనం వస్తే ఊళ్లవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయి, అప్పుడు ఆ నేలను వాళ్లే కాపాడుకుంటారు అన్నది ఆయన వాదన. సరిగ్గా అదే ఏడాది జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ విద్యార్థి ఫిజీలో ఒక రిసార్టుకు వెళ్లాడు. అక్కడ ఏం చూశాడో ఊహించండి. ఇదే కార్డు! పగడపు దిబ్బలను కాపాడటానికి టవళ్లు మళ్లీ వాడండి అని రాసి ఉంది. బయట చూస్తే ఆ రిసార్టు అదే తీరంలో ఇంకా ఇంకా కట్టడాలు కడుతోంది. 1986లో వెస్టర్‌వెల్డ్ దీని మీద వ్యాసం రాస్తూ 'గ్రీన్‌వాషింగ్' అనే మాట పుట్టించారు, అంటే ప్రకృతికి చేయని మేలు చేసినట్టు చెప్పుకోవడం. మనకు ఆ సంగతి ఎప్పటి నుంచో తెలుసు: చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం.

అంటే అసలు సరుకుకూ నకిలీ సరుకుకూ ఒకే ఏడాదిలో బీజం పడింది. రెండింటినీ వేరు చేయడానికి నిర్వచనాలు ఉన్నాయి. 1990లో ఏర్పడిన అంతర్జాతీయ ఎకో టూరిజం సంఘం చెప్పేది క్లుప్తంగా ఇది: పర్యావరణం నిలవాలి, స్థానికుల బతుకు బాగుపడాలి, వెళ్లినవాడికి ఏదో ఒకటి తెలిసిరావాలి. బాగుంది. కానీ గది బుక్ చేసేటప్పుడు నిర్వచనం ఎవరికి గుర్తుంటుంది? అందుకే నేను టవల్‌నే అడుగుతాను.

మొదటి ప్రశ్న: టవల్ ఉతకకపోతే మిగిలిన డబ్బు ఎవరికి వెళ్లింది?

హోటల్‌కే. నీళ్లు, సబ్బు, కరెంటు, మనిషి కూలి అన్నీ దానికే మిగిలాయి. మిగలనివ్వండి, నాకేం ఏడుపు లేదు. దాన్ని భూమికి చేసిన ఉపకారంగా నాతో ఒప్పించాలని చూస్తేనే చిరాకు.

ఇదే ప్రశ్న రువాండాలో అడగండి. కొండ గొరిల్లాలను చూడటానికి విదేశీయుల పర్మిట్ ధర 2017 నుంచి 1,500 డాలర్లు. ఒక గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు, అదీ ఒక గంట. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు కాబట్టి దూరం పాటించాలి. ఇక డబ్బు సంగతి: పార్కుల ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది, బడులు, నీటి వసతి లాంటి వాటికి. అడవి అంచున ఉన్న రైతు చేను మీద అడవి దున్నలు పడతాయి. ఆ రైతుకు అడవి వల్ల నష్టమే తప్ప పైసా రాకపోతే అతను దాన్ని ఎందుకు ఉండనివ్వాలి? కొండ గొరిల్లాల సంఖ్య ఇప్పుడు వెయ్యి దాటింది. 2018లో వాటిని 'తీవ్ర ముప్పు' జాబితా నుంచి తీసి, ఒక మెట్టు తక్కువ ముప్పున్న జాబితాలోకి మార్చారు. దీని వెనుక కాపలాదార్లు, పశువైద్యుల శ్రమ ఉంది. ఆ శ్రమకు జీతాలు ఇవ్వడంలో ఆ పర్మిట్ల డబ్బు పాత్ర పెద్దది. 1,500 డాలర్లంటే డబ్బున్నవాళ్లే చూడగలరు కదా అంటారా? నిజమే. నాకూ అది ముల్లులా గుచ్చుకుంటుంది.

రెండో ప్రశ్న: కార్డు నన్ను ఆగమంటోంది, మరి హోటల్ ఎక్కడ ఆగుతుంది?

[తెర మీద: మాయా బే, ముందు, తర్వాత.]

థాయ్‌లాండ్‌లో ఒక దీవి ఒడ్డున ఉన్న చిన్న అఖాతం మాయా బే. అది ఒక సినిమాతో ప్రపంచానికి తెలిసింది. రోజుకు ఐదు వేల మంది వరకు వచ్చిన రోజులున్నాయి. పడవల లంగర్లు పగడాలను విరగ్గొట్టాయి. అక్కడ ఎన్ని టవళ్లు తగిలిస్తే ఆ పగడాలు అతుక్కుంటాయి? చివరికి 2018 జూన్‌లో మూసేశారు. నాలుగు నెలలే అన్నారు. తెరిచింది 2022 జనవరిలో. మనుషులు వెళ్లిపోయాక నల్లంచు రెక్కల చిన్న సొరచేపలు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు ఆ ఒడ్డుకు రాకూడదు, దీవి వెనుక వైపు ఆగాలి. ఒక విడతకు ఇంతమందే అని లెక్క. ఈత నిషేధం. ఏటా వర్షాల కాలంలో రెండు నెలలు సెలవు, అది మనకు కాదు, సముద్రానికి.

ఇంకొంచెం దగ్గరగా చూడాలంటే అంటార్కిటికా. నౌక దిగే ముందు బూట్లు కడిగిస్తారు, అడుగు భాగంలోని గాడులను కూడా గీకి మరీ. జేబులు, బట్టల మీది అతుకు పట్టీలు వాక్యూమ్‌తో శుభ్రం చేస్తారు. ఎందుకంటే ఎక్కడో నడిచినప్పుడు అంటుకున్న గడ్డి విత్తనం ఒక్కటి అక్కడ రాలినా ప్రమాదమే. ఒడ్డు మీద ఒక్కసారికి వంద మందికి మించకూడదు. అయిదు వందల మందికి పైగా ఉన్న నౌక నుంచి ఎవరినీ దింపరు. పెంగ్విన్‌కు అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. ఆ నిబంధన పెంగ్విన్‌కు తెలియదు కాబట్టి అది మీ కాళ్ల దగ్గరికే రావచ్చు. అప్పుడు కదలకుండా నిలబడటం మీ వంతు.

ఎంత బాగుందో కదా? ఇప్పుడు మూడో ప్రశ్న, మజా అంతా చెడగొట్టేది: కార్డులో రాయని పెద్ద ఖర్చు ఏది?

విత్తనం ఒక్కటి రాలకూడదని వణికిన ఆ మనిషి అక్కడికి ఎలా వచ్చాడు? విమానంలో, ఆపైన నౌకలో. ప్రపంచ పర్యాటకం మొత్తంగా మానవుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో సుమారు ఎనిమిది శాతానికి కారణమని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అందులో రవాణాదే పెద్ద వాటా. ఖండాలు దాటే విమానం ఎక్కి, దిగాక టవల్ తగిలించడం అంటే ఇల్లంతా లైట్లు వేసి ఫ్రిజ్ తలుపు జాగ్రత్తగా మూసినట్టు. రైలు ఉన్న దూరానికి రైలెక్కండి. దూరం తప్పదంటే తక్కువసార్లు వెళ్లి ఎక్కువ రోజులు ఉండండి. విమానం ఎక్కి, ఎక్కడో మొక్క నాటడానికి డబ్బు కట్టి, లెక్క చెల్లిపోయిందనుకోవడం నా దృష్టిలో ఇంకో టవలే. ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, వాదించుకుందాం.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ధ్రువపత్రాలు: హోటల్ తానే వేసుకున్న ఆకు గుర్తు చెల్లదు, బయటివాళ్లు వచ్చి తనిఖీ చేసినదై ఉండాలి. ఏనుగు సవారీ, పులిపిల్లతో ఫోటో: వద్దు. సన్‌స్క్రీన్: పగడాలకు హాని చేసే రసాయనాలున్నవాటిని పలావు దేశం 2020 నుంచి నిషేధించింది, సముద్రంలో దిగే ముందు సీసా వెనుక చదవండి. గైడ్: ఆ ఊరివాణ్నే పెట్టుకోండి.

ఆఖరిది మురుగు. ఫిలిప్పీన్స్‌లో బోరకే దీవిని 2018లో ఆరు నెలలు మూసింది దీనికోసమే. హోటళ్ల మురుగు నేరుగా సముద్రంలోకి పోయేది. అందుకే నేను ఇప్పుడు బుక్ చేసే ముందు మూడు మాటల ఉత్తరం పంపుతాను: యజమాని ఎవరు, పనివాళ్లలో ఆ ఊరివాళ్లు ఎందరు, మురుగు ఎక్కడికి పోతుంది. పోయినసారి రెండు చోట్లకు పంపాను. ఒకచోటి నుంచి నాలుగు పేరాల జవాబు వచ్చింది, మురుగు గుంతల ఫోటోతో సహా. చూడటానికి ఏమంత బాగాలేదు, అక్కడే బుక్ చేశాను. రెండో చోటివాళ్లు ప్రకృతి మీద నాకున్న ప్రేమకు ధన్యవాదాలు చెప్పి, తమ అతిథులు ఏటా ఎన్నో టవళ్లు ఆదా చేస్తున్నారని రాశారు. కింద ఆకు బొమ్మ.