హిమారి అంటే మంచు కాదు

శ్రోతలకు నమస్కారం.

హిమారి. ఈ పేరు వినగానే మన చెవికి మంచే తగులుతుంది. హిమబిందు, హిమజ లాంటి పేర్లు మనకు అలవాటు కదా! నేనూ మొదట అలాగే అనుకున్నాను. తీరా చూస్తే అది జపాన్ వాళ్లు ఎండను తలుచుకుని పెట్టుకునే పేరు.

అక్కడ మేజీ యసుదా అనే జీవిత బీమా కంపెనీ, ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఏ పేర్లు ఎక్కువగా పెట్టారో ఏటా లెక్క తీసి చెబుతుంది. 2019, 2020, 2022, 2023లలో ఆడపిల్లల పేర్లలో మొదటి స్థానం దీనిదే. 2021లో మాత్రం త్సుముగి అనే పేరు ముందుకొచ్చింది. ఒకప్పుడు ఆడపిల్ల పేరంటే చివర 'కో' ఉండాల్సిందే అన్నట్టుండేది. ఆ రోజులు పోయాయి.

హిమారిని ఎక్కువగా రెండు అక్షరాలతో రాస్తారు. ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం ఉంటుంది. మొదటిది ఎండ. రెండోది 'అఓయి' అనే మొక్క. ఆ మొక్కకు చాలా చరిత్ర ఉంది. ఏటా మే 15న క్యోటోలో జరిగే అఓయి ఉత్సవంలో దాని ఆకులతోనే అలంకరణ. 1603 నుంచి 1868 దాకా జపాన్‌ను ఏలిన తొకుగావా వంశం గుర్తు మూడు అఓయి ఆకులే. ఇంత ఘనత ఉన్నా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పేర్లకు వాడుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చిన అక్షరాల జాబితాలోకి ఇది 1976లో గానీ రాలేదు.

ఈ పేరులో ఒక పువ్వు కూడా దాగుంది. అదెక్కడిదంటారా? జపాన్ వాళ్లు పొద్దుతిరుగుడు పువ్వును 'సూర్యుడి వైపు చూసే అఓయి' అని రాస్తారు, హిమవారి అని పలుకుతారు. మధ్యలో 'వ' తీసేస్తే హిమారి! తమాషా ఏమిటంటే, హిమవారి అన్నా మన సంస్కృతంలో మంచునీళ్లే.

ఇందులో ఒక చిక్కుంది. అవే రెండు అక్షరాలను హినతా అనీ, హినా అనీ కూడా చదవొచ్చు. రాత ఒకటే, పిలుపు ఇంటికొకటి. బడిలో మొదటి రోజు హాజరు పిలిచే టీచరుకు ఎంత టెన్షనో! అక్కడి కుటుంబ రిజిస్టరులో పేరును ఎలా పలకాలో కూడా నమోదు చేయాలన్న చట్టం 2025 మే 26న అమల్లోకి వచ్చింది.

ఆ పువ్వుకు మన దగ్గరా చక్కని పేరుంది. సూర్యకాంతం. కానీ నటి సూర్యకాంతం గారు గయ్యాళి అత్త వేషాల్లో ఎంత జీవించారంటే, ఆ పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పువ్వు ఏం పాపం చేసింది చెప్పండి!

ఈ మధ్య పుట్టిన పాపల్లో సూర్యకాంతం ఎవరైనా ఉంటే మాకు ఒక ఉత్తరం ముక్క రాయండి. నమస్కారం.