బ్యాంకుకు ఒక ఫోన్, బజారుకు ఇంకో ఫోన్: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. బ్యాంకు పనులకు ఒక ఫోన్, రోజువారీ వాడకానికి ఇంకోటి పెట్టుకుంటే మంచిదేనా అని చాలామంది అడుగుతున్నారు. సైబర్ భద్రత మీద శిక్షణ ఇచ్చే మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ హైదరాబాద్ నుంచి, చెప్పండి.

కాలర్: మేడమ్, బీటెక్ చదువుతున్నా. ఇన్‌స్టా, షాపింగ్ యాప్‌లు ఒక ఫోన్‌లో, బ్యాంకు, డిజీలాకర్ ఇంకో దాంట్లో పెట్టా. అయినా ఇందులో చూసిన బూట్లు అందులో యాడ్స్‌గా వస్తున్నాయి.

నిపుణురాలు: రెండింట్లో జీమెయిల్ ఒకటేనా?

కాలర్: ఒకటే మేడమ్.

నిపుణురాలు: అదే సంగతి. ఫోన్లు రెండున్నా ఖాతా ఒకటైతే గూగుల్ లెక్కలో మీరు ఒక్కరే. కాంటాక్ట్‌లు, ఫొటోలు, వెతికినవి అన్నీ అటూ ఇటూ చేరిపోతాయి. బ్యాంకు ఫోన్‌కు వేరే జీమెయిల్ పెట్టండి, దాన్ని ఏ షాపింగ్ సైట్‌కూ ఇవ్వకండి. ఒకే జీమెయిల్ రెండు ఫోన్లలో వద్దు, ఇది అందరూ రాసుకోండి.

యాంకర్: థాంక్యూ. తర్వాత తణుకు నుంచి.

కాలర్: నమస్కారమండి మేడమ్ గారూ. నాకు టైలరింగ్ షాపుందండి, బ్లౌజులు కుడతాను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వచ్చినప్పుడు తన ఐఫోన్ ఇచ్చి వెళ్లాడండి. నా దగ్గరున్నది మామూలు ఫోను. ఫోన్‌పే అందులోనే, కస్టమర్లు డిజైన్లు పంపే వాట్సాప్ అందులోనే, మా అమ్మాయి కొడుకు వస్తే గేములూ అందులోనే, ఎప్పుడేం నొక్కుతాడో అని టెన్షన్. సరే ఐఫోన్‌లో సిమ్ వేద్దామని పిన్ను పట్టుకుని చుట్టూ వెతికానండి, సిమ్ పెట్టే ఆ చిన్న అర అసలు లేదు. ఇప్పుడు ఫోన్‌పే ఏ ఫోన్‌లో పెట్టుకోమంటారు?

నిపుణురాలు: అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి సిమ్ అర ఉండదమ్మా, ఈ-సిమ్ ఒక్కటే, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్. మన దగ్గర కూడా ఇస్తారు. కానీ మీరే ఆధార్ పట్టుకుని కంపెనీ స్టోర్‌కు వెళ్లండి. ‘ఈ-సిమ్ చేసిపెడతాం, ఓటీపీ చెప్పండి’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. వాళ్లకు చెప్తే మీ నంబరు వాళ్ల ఫోన్‌లోకి పోతుంది, ఆ తర్వాత బ్యాంకు ఓటీపీలన్నీ వాళ్లకే.

కాలర్: అమ్మో. మొన్నొకటి ఇలాగే జరిగిందండి, మా వీధి గ్రూపులో పెళ్లి శుభలేఖ అని పెట్టారు, ఎవరి పెళ్లో తెలియలేదు, నొక్కితే తెరుచుకోలేదు. సరేలెండి, ఫోన్‌పే మరి...

నిపుణురాలు: ఆగండమ్మా. శుభలేఖ ఫొటోనా, ఫైలా? చివర ఏపీకే అని ఉందా? అంటే ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైలు.

కాలర్: ఆ మూడు అక్షరాలు ఉన్నట్టే ఉన్నాయండి.

నిపుణురాలు: నొక్కాక ‘ఇన్‌స్టాల్’ అని గానీ ‘అనుమతించు’ అని గానీ వచ్చిందా?

కాలర్: ఏదో వచ్చింది, సరే అన్నాను. డబ్బులేం పోలేదండి.

నిపుణురాలు: పోలేదు కాబట్టే ఇప్పుడే చెయ్యాలి. ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంకొకరి ఫోన్ నుంచి మీ బ్యాంకుకు చెప్పి యూపీఐ, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫొటోలు దాచుకుని, తెలిసినవాళ్ల చేత ఫోన్ మొత్తం రీసెట్ చేయించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా 1930కి ఫోన్ చేయండి. పెళ్లిపత్రిక, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ ఏ పేరుతో వచ్చినా వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే వేయకూడదు. దానికి ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చారంటే మీ ఓటీపీ మీకంటే ముందు వాళ్లే చదువుతారు.

కాలర్: భయమేస్తోందండి.

నిపుణురాలు: భయపడకండమ్మా, ఇవాళే చేసేయండి, చాలు. ఇక మీరడిగింది. యూపీఐ యాప్ నమోదు కావాలంటే బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి. కాబట్టి పాత నంబరును ఈ-సిమ్‌గా ఐఫోన్‌లోకి మార్చుకుని, దాచుకునే డబ్బున్న ఖాతా అందులో పెట్టుకోండి. ఏపీకే దాంట్లో ఎక్కదు. అది ఇంట్లోనే ఉండాలి, మనవడికి ఇవ్వకూడదు.

కాలర్: మరి షాపులో కస్టమరు స్కాన్ చేస్తే? ఫోన్‌పే ఏ ఫోన్‌లో అండి?

నిపుణురాలు: అదే చెప్తున్నానమ్మా, రెండింట్లోనూ. షాపుకు కొత్త నంబరు, దాని మీద ఇంకో చిన్న ఖాతా, అది రీసెట్ చేసిన పాత ఫోన్‌లో. క్యూఆర్ స్టిక్కర్ దానికే మార్పించండి. నాలుగు రోజులకోసారి అందులోంచి పెద్ద ఖాతాకు పంపేయండి. ఏదైనా జరిగినా ఆ నాలుగు రోజుల డబ్బు దగ్గరే ఆగుతుంది. ఇంకొకటి, మీ అబ్బాయి తన యాపిల్ ఐడీ ఆ ఐఫోన్‌లోంచి తీసేశాడా?

కాలర్: వాడి ఫొటోలే వస్తున్నాయండి అందులో.

నిపుణురాలు: అయితే తీయలేదు. తన ఖాతా తీసేసి, ఫోన్ ఖాళీ చేసి, మీ పేరుతో కొత్త ఐడీ పెట్టించమనండి. అదయ్యాకే ఈ-సిమ్.

యాంకర్: అమ్మా, ఉంటామండి. కువైట్ నుంచి కాల్.

కాలర్: మాది కడప జిల్లా మేడమ్. ఓటీపీల కోసమని ఇండియా సిమ్‌ను పాత ఫోన్‌లో వేసి పక్కన పెట్టినా. రీఛార్జి చేయకుంటే ఏమైతాది?

నిపుణురాలు: 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే, బ్యాలెన్సూ లేకపోతే నంబరు తీసేస్తారు, తర్వాత ఇంకొకరికి ఇస్తారు. అప్పుడు మీ బ్యాంకు మెసేజీలు వాళ్లకు పోతాయి. రీఛార్జి ఆపకండి.

యాంకర్: వరంగల్ నుంచి చివరి కాల్, త్వరగా సార్.

కాలర్: రెండో ఫోన్ కొనే స్తోమత లేదు మేడమ్. ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లు వేస్తే సరిపోతదా?

నిపుణురాలు: సరిపోదు. ఎస్సెమ్మెస్ అనుమతి ఉన్న యాప్ రెండు సిమ్‌ల మెసేజీలూ చదువుతుంది. ఇంట్లో పాత బటన్ ఫోన్ ఉందా?

కాలర్: ఉంది, నాయన వాడిండు.

నిపుణురాలు: పెద్ద ఖాతా నంబరు దాంట్లో వేయండి. ఓటీపీ దానికే వస్తుంది, ఏ యాప్ చదవలేదు. చిల్లర ఖర్చులకు స్మార్ట్‌ఫోన్‌లో వేరే నంబరుతో చిన్న ఖాతా. జీమెయిల్ మాత్రం...

యాంకర్: మేడమ్, టైమ్ అయిపోయింది. అందరికీ ధన్యవాదాలు. తణుకు అమ్మగారూ, వింటుంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేయండి.