బేరింగ్ పీకేయండి, ప్రింట్ దానంతటదే బాగుపడుతుంది

బేరింగ్ తీసేయండి. మళ్లీ చెబుతున్నా, వినండి. మీ 3డి ప్రింటర్‌కి ఫిలమెంట్, అంటే ప్లాస్టిక్ తీగ, చుట్టి వచ్చే రీలు ఉంటుందే, ఆ స్పూల్‌ని మోసే హోల్డర్‌లో ముచ్చటపడి పెట్టుకున్న ఆ 608 సైజు బేరింగులు పీకి, వీధిలో స్కేటింగ్ చేసే పిల్లలకి ఇచ్చేయండి. వాళ్ల చక్రాల్లో ఉండేవీ అవే. గత వీడియోలో ఈ ఒక్క మాట అన్నందుకు నన్ను ఉతికి ఆరేశారు. "స్పూల్ ఎంత తేలిగ్గా తిరిగితే ఎక్స్‌ట్రూడర్‌కి అంత సుఖం, ఆమాత్రం తెలీదా అన్నా" అన్నారు. ఎక్స్‌ట్రూడర్ అంటే ఫిలమెంట్‌ని లాగి వేడి నాజిల్‌లోకి, అంటే కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే ముక్కులోకి, తోసే మోటర్ భాగం. సరే, ఇవాళ లెక్కలతోనే వచ్చా.

నేను మాట్లాడేది చిన్న కేబినెట్‌లో కూర్చునే డెస్క్‌టాప్ ప్రింటర్ల గురించి. ఫ్లాష్‌ఫోర్జ్ అడ్వెంచరర్ 3 తెలుసుగా? అన్నివైపులా మూత, లోపల వస్తువు తయారయ్యే బల్ల, అదే బెడ్, 150 మి.మీ., పక్కన స్పూల్‌కి ఒక బుల్లి గది. ఆ గదిలో అర కిలో స్పూలే పడుతుంది. మనకి ఎక్కడ చూసినా దొరికేది కిలో స్పూల్, 200 మి.మీ. వ్యాసం. ఎలా పడుతుంది? పట్టదు. గది అంత చిన్నగా ఎందుకు చేస్తారంటారా? నా అనుమానం నాకుంది. గది చిన్నదైతే చిన్న స్పూలే కొనాలి, చిన్న స్పూల్‌లో గ్రాము ధర ఎక్కువ. మరీ అనుమానం మనిషినని నవ్వకండి. ఎక్స్‌వైజడ్‌ప్రింటింగ్ వాళ్ల డావించీ 1.0 గుర్తుందా? ఫిలమెంట్ కార్ట్రిడ్జ్‌కి చిప్ పెట్టారు. వాళ్ల కార్ట్రిడ్జ్ లేకపోతే ప్రింట్ లేదు. జనం ఊరుకుంటారా, ఆర్డ్యునో అనే బుల్లి సర్క్యూట్ బోర్డు తగిలించి చిప్‌ని రీసెట్ చేసి పారేశారు. ఇంక్ కార్ట్రిడ్జ్ దగ్గర నేర్చిన విద్యే కదండీ ఇదంతా! సరే, ఆ గొడవ మొదలెడితే ఈ వీడియో చాలదు.

స్పూల్ బయట పెట్టాలి, అంతే. ఎలా పెట్టాలన్న దగ్గరే తగాదా.

కిలో ఫిలమెంట్, దాని ఖాళీ రీలు కలిపి 1.2 కిలోలు అనుకోండి. చాలామంది ఏం చేస్తారు? ఒక రాడ్ పెట్టి దానికి స్పూల్‌ని అలాగే తగిలిస్తారు. స్పూల్ కన్నం సుమారు 53 మి.మీ. రాపిడి జరిగేది ఆ కన్నం అంచు దగ్గర, అంటే నడిమధ్య నుంచి 26 మి.మీ. దూరంలో. ఘర్షణ గుణకం 0.3 వేసుకుంటే, నిండు స్పూల్ తిరగడానికి ఫిలమెంట్ మీద పడే లాగుడు దాదాపు 100 గ్రాములు. ఇప్పుడు అదే కన్నానికి రెండు పక్కలా కోన్ ఆకారంలో బిరడాలు ప్రింట్ చేసి బిగించండి. వాటి మధ్యలో 8 మి.మీ. రంధ్రం, అందులో నున్నటి స్టీల్ రాడ్. రాపిడి నడిమధ్యకి 4 మి.మీ. దగ్గరకి వచ్చేసింది. లాగుడు ఎంత? 15 గ్రాములు. పదిహేనండీ! బేరింగ్ లేదు, గ్రీజు లేదు. కిలోల లెక్కన తోసే ఎక్స్‌ట్రూడర్‌కి 15 గ్రాములు ఒక లెక్కా? ఆ కాస్త తగ్గించడానికి బేరింగా?

పైగా ఆ 15 గ్రాములు మనకి కావాలి. అదే బ్రేక్. బేరింగ్ మీద స్పూల్‌ని ఒకసారి వేలితో తోసి చూడండి, ఆగదు. ఫిలమెంట్ లోడ్ చేసేటప్పుడు మోటర్ గబుక్కున లాగి ఆగుతుంది. మోటర్ ఆగినా స్పూల్ ఆగదు. చుట్లు వదులవుతాయి, ఒక చుట్టు అంచు దాటి ఇరుసు మీద పడుతుంది, అక్కడ బిగుసుకుంటుంది. ఇక రాత్రంతా ప్రింటర్ గాల్లో ప్రింట్ చేస్తుంది. పొద్దున్నే "కంపెనీ ముడి వేసి పంపింది" అని గ్రూపుల్లో ఫోటో! ముడి కంపెనీ వేయలేదు బాబూ, మీ బేరింగ్ వేసింది. లేదా స్పూల్ మార్చేటప్పుడు కొసని గాలికి వదిలేసి మీరే వేశారు. స్పూల్ అంచుకి చిల్లులు ఉండేది ఎందుకనుకున్నారు, అందానికా? కొస అందులో దూర్చండి.

ఇప్పుడు అసలు దొంగని చూపిస్తా. వంపు. గోదావరి రేవులో పడవ తాడు గుంజకి రెండు చుట్లు చుడితే ఒక్క మనిషి పట్టుకుని పడవని ఆపుతాడు. లెక్క ఏంటంటే, తాడు వంపు తిరిగే కొద్దీ రాపిడి కూడికలో పెరగదు, హెచ్చింపులో పెరుగుతుంది. ఫిలమెంట్‌ని ప్రింటర్ లోపలికి నడిపించే మీ ట్యూబ్‌లోనూ ఇదే సూత్రం. గుణకం 0.2 అనుకుంటే, 180 డిగ్రీల వంపుకి లాగుడు 1.87 రెట్లు. పూర్తి చుట్టుకి మూడున్నర రెట్లు. స్పూల్‌ని కేబినెట్ వెనక పెట్టి, ట్యూబ్‌ని పైనుంచి తిప్పి, పక్క నుంచి లోపలికి తెచ్చి, ఎక్స్‌ట్రూడర్ టకటకమంటోందని నాజిల్ మారుస్తారు. నాజిల్ ఏం చేసిందండీ మిమ్మల్ని?

కాబట్టి స్టాండ్ ప్రింటర్ పక్కనే, టేబుల్ మీద పెట్టండి. పైన వద్దు, కిలో పైగా బరువు మూత మీద ఊగుతుంటే ఏం బాగుంటుంది! ఫిలమెంట్ స్పూల్‌ని విడిచే ఎత్తు, లోపలికి వెళ్లే రంధ్రం ఎత్తు ఒకటే ఉండాలి. మరీ దగ్గరగా పెట్టొద్దు. ఫిలమెంట్ స్పూల్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతుంది కదా, అటు 3 ఇటు 3 సెంటీమీటర్లు. రంధ్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో అయితే 17 డిగ్రీలు పక్కకి లాగుతుంది, 30 దగ్గర 6 డిగ్రీలే. రంధ్రం నోట్లో 2 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) ట్యూబ్ ముక్క బిగిస్తే అంచుకి ఒరుసుకోదు.

స్టాండ్ పలకలు మీ బుల్లి ప్రింటర్‌లోనే వస్తాయి, భయం లేదు. స్పూల్ సగం వ్యాసం 100, అడుగున ఖాళీ 10, అంటే ఇరుసు ఎత్తు 110. పలక 125 మి.మీ. చాలు, 150 బెడ్ మీద పడుకోబెట్టి ప్రింట్ చేయండి. నిలబెట్టి చేస్తే పొరల మధ్య చీలుతుంది. రెండు పలకల మధ్య 90 మి.మీ., అడుగున ప్లైవుడ్ ముక్క, నాలుగు స్క్రూలు, రబ్బరు బుడిపెలు. బయట, ప్రింటర్ వేడి తగలని చోట ఉంటుంది కాబట్టి మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ సరిపోతుంది. రాడ్ ముక్క సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగితే కోసిస్తారు. విశాఖ లాంటి తేమ ఊళ్ల వాళ్లు నైలాన్ ఫిలమెంట్ వాడితే మాత్రం ఇలా బయట పెట్టకండి, తేమ పీల్చి పాడైపోతుంది. దానికి సిలికా జెల్ వేసిన మూత డబ్బా కావాలి.

ఇంకా నన్ను తిట్టాలనిపిస్తే ముందు ఒక పని చేయండి. స్కూల్ ల్యాబ్‌లో వాడే చిన్న స్ప్రింగ్ త్రాసు తెచ్చి ఫిలమెంట్ కొసకి కట్టి మెల్లగా లాగండి. బేరింగ్‌తో ఒకసారి, నేను చెప్పిన బిరడాలతో ఒకసారి, మీ ట్యూబ్ వంపుతో కలిపి ఒకసారి. మూడు అంకెలూ కామెంట్‌లో పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.